గాజుపలకల మీది భాగ్యనగరం

1892వ సంవత్సరంలో హైదరాబాదులో ఒక చిత్రమైన ఫొటో స్టూడియో వెలసినది. దాని చుట్టూ ఎత్తైన గోడలు లేపినారు. లోపలికి పురుషులకు ప్రవేశం లేదు. నిర్వహణభారం వహించినది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్లవనిత. ఒక పత్రికా విలేఖరి భార్య. అక్కడికి రావలసినవారు దేవిడీలలో పరదా దాటి ఎరుగని స్త్రీలు. పరపురుషుని కంటబడడం ఎంత తప్పో, అతని కెమెరా కంటబడడమూ అంత తప్పే అయిన కాలమది. ఆ చిక్కును గ్రహించి, దానికి తగిన ఉపాయాన్ని గోడలతో సహా కట్టించినవాడు లాలా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ దక్కనువాడు కాడు. మీరటు సమీపాన సర్ధనాలో 1844లో ఒక జైన కుటుంబంలో జన్మించినాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య ముగించి, 1866లో ఇందూరు మరామతు శాఖలో అంచనాలు వేసే ఉద్యోగంలో చేరినాడు. కట్టడాల కొలతలు, నకళ్లు, లెక్కలు ఆయన నిత్యకృత్యం. ఛాయాచిత్రణం మీద మనసు పోయినది 1874 ప్రాంతంలో. అక్కడి ఆంగ్లాధికారి సర్ హెన్రీ డేలీ ఆదరణ లభించినది. ఆయన తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ పర్యటనకు ఆయనను వెంట తీసుకొని వెళ్లినాడు. అప్పుడు తీసిన ప్రాచీన కట్టడాల చిత్రాలు 1886లో గ్రంథరూపం పొందినవి. గోడ నిలువునూ స్తంభం వరుసనూ చూచే తీరులో ఇంజనీరు కన్ను ఆయనను ఎన్నడూ విడువలేదు. ఆ బొమ్మలలో వంకరగా నిలిచిన గోపురం ఒక్కటి కనిపించదు.

అప్పటికి హైదరాబాదు గద్దెమీద ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఉన్నాడు. రెండున్నరేండ్ల పసివయసులో ప్రభువై, 1884లో పూర్తి అధికారాలు పొందిన యువకుడు. వేటయన్నా వేషమన్నా ప్రీతిగలవాడు. ఆయన ఆస్థానంలో దీన్‌దయాళ్ ఛాయాచిత్రకారుడైనాడు; సర్కారు నౌకరీ వదలుకున్నాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరచినాడు. అక్కడ దండు ఉన్నది, దండులో దొరలున్నారు. రాజాస్థానపు జీతం ఒకవైపు, దొరల గిరాకీ మరియొకవైపు. వ్యాపారమూ ఆయనకు తెలియనిది కాదు. 1896 నాటికి బొంబాయిలో మరియొక స్టూడియో నెలకొల్పినాడు.

నిజాము ఆయనకు రాజా బిరుదమిచ్చినాడు, ముసవ్విర్ జంగ్ అని కూడా పిలిపించినాడు. ముసవ్విరనగా బొమ్మలు వ్రాయువాడు, జంగనగా యుద్ధం. కత్తి పట్టని చిత్రకారునికి యుద్ధవీరుల బిరుదం దక్కడం ఆ ఆస్థానపు వింతలలో ఒకటి.

ఆ రోజుల్లో ఈ పని ఎంత బరువైనదో నేటివారికి ఊహకందదు. ఆయన చేయి తిరిగిన తొలినాళ్లలో గాజుపలకకు మందు పూసి, తడి ఆరక ముందే బొమ్మ తీసి, తడి ఆరక ముందే చీకటిలో కడుగవలెను. ఊరు వెడలితే చీకటి గుడారం సైతం వెంట నడువవలెను. పొడి పలకలు వచ్చిన తరువాత ఆ కష్టం కొంత తగ్గినది గాని, పెట్టె బరువు, పలకల బరువు తగ్గలేదు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని పలకకు ఆనించి ఎండలో పెడితేనే బొమ్మ దిగేది. వానకాలంలో మబ్బు కమ్మితే పని నిలిచేది. నవాబుగారి ముఖం కాగితం మీదికి రావడానికి సూర్యభగవానుని అనుమతి కూడా కావలసి ఉండేది.

ఫలక్‌నుమా మేడ, చౌమహల్లా దర్బారు, వైస్రాయిల విందులు, 1902లో నెకొండ అడవిలో కర్జన్ ప్రభువు కొట్టిన పులి – ఇవన్నీ ఆయన చిత్రాలలో ప్రసిద్ధమైనవే. వాటిని గురించి వ్రాసినవారు అనేకులు. అయితే ఆ చిత్రాల అంచులలో మరియొక నగరం ఉన్నది. చార్మినారు కింద తోలుకొనిపోయే ఎద్దుబండ్లున్నవి. ఆగి చూచినవాడు స్పష్టంగా దిగినాడు. నడచిపోయినవాడు పొగవలె చెదరినాడు. దర్బారు చిత్రంలో కుర్చీ మీది ప్రభువుల పేర్లు కింద వరుసగా వ్రాసి ఉంటవి. వెనుక నిలిచిన చామరధారి పేరు ఎవరూ వ్రాయలేదు. ఆ నగరానికి బియ్యం మోసినవాడు, నీళ్లు మోసినవాడు, మేనా మోసినవాడు, వీరు డబ్బిచ్చి బొమ్మ తీయించుకొనే స్థితిలో లేరు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గునన్న భయం మన పల్లెల్లో చాలాకాలం ఉండినది. పేదవాడికి ఆ భయంతో పనిలేకుండానే కెమెరా దూరమైనది.

ఒక్కచోట మాత్రం పేదవాడే ఆయన కెమెరా ముందు నిలిచినాడు. ఆ శతాబ్దాంతంలో కరువు వచ్చినప్పుడు నిజాము రాజ్యంలో ఔరంగాబాదు ప్రాంతాన సర్కారు చేయించిన సహాయకార్యాలను చిత్రించే పని దీన్‌దయాళ్‌కు అప్పగించినారు. చూపవలసినది దొరతనం వారి దయ. కాని పలకకు దయను మాత్రమే పట్టి, ఆకలిని వదిలిపెట్టడం చేతగాదు. రాజాస్థానంలో నగల జిలుగును పట్టిన కన్నే అక్కడ ఎముకలను పట్టినది. ఆయన పని అంతటిలోను అపురూపమైనది ఇదేననడం సాహసం కాదు.

చివరి సంవత్సరాలు సుఖంగా గడువలేదు. తండ్రి విద్యను అందిపుచ్చుకున్న కుమారులలో ధరంచంద్ 1904లో మరణించినాడు. మరుసటి యేడు, 1905 జులైలో, దీన్‌దయాళ్ కన్నుమూసినాడు. మరియొక కుమారుడు జ్ఞానచంద్ స్టూడియోను కొంతకాలం నడిపినాడు. మూడేండ్లకే, 1908 సెప్టెంబరులో, మూసీ పొంగి నగరంలో వేలాదిమందిని పొట్టనబెట్టుకున్నది. వరదకు ముందటి హైదరాబాదు ఎట్లుండెనో చూడదలచినవారికి ఆయన పలకలే దిక్కైనవి.

ఆ పలకలలో 2,857 మాత్రం 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరినవి. 2006లో తపాలాశాఖ ఆయన పేర ఒక బిళ్ల వెలువరించినది. ఎత్తు గోడల చాటున మిసెస్ లెవిక్ తీసిన బొమ్మలు మాత్రం బజారుకు రావలసినవి కావు. అవి ఏ దేవిడీలో తీయించుకున్నామె ఉండెనో ఆ దేవిడీకే పోయినవి. ఏ పెట్టె అడుగున, ఏ పట్టుబట్ట మడతలో దాగినవో, ఆమె ముఖం చూచినవారు ఆమె ఇంటివారు మాత్రమే.