వేడికి లెక్క కట్టిన మాస్టారు - జోసెఫ్ బ్లాక్



సైన్సులో ఉష్ణం పాఠం రాగానే మనలో చాలామందిమి ఒక సూత్రాన్ని బట్టీ పడతాం. వస్తువు గ్రహించిన ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో మార్పు. పరీక్షలో అంకెలు వేస్తాం, మార్కులు తెచ్చుకుంటాం, తర్వాత మర్చిపోతాం. ఆ సూత్రం వెనుక ఒక మనిషి ఓపిక ఉందన్న సంగతి మనకు తట్టదు. అందుకే ఈ సంచికలో జోసెఫ్ బ్లాక్ జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

బాల్యం, విద్యాభ్యాసం

జోసెఫ్ బ్లాక్ 1728 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని బోర్డో నగరంలో జన్మించారు. తండ్రి జాన్ బ్లాక్ స్వస్థలం ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్. బోర్డోలో ఆయన వైన్ వ్యాపారం చేసేవారు. తల్లిది స్కాట్లాండు కుటుంబం. పిల్లలకు చదవడం నేర్పింది ఆమే. 12 ఏళ్ళ వయసులో బ్లాక్ ఇల్లు విడిచి, సముద్రం దాటి, చదువు కోసం బెల్‌ఫాస్ట్ చేరారు. వ్యాపారస్తుల బిడ్డ కనుక మనలాంటి ఇబ్బందులు ఆయనకు లేవు. అయినా ఆ వయసులో అమ్మానాన్నలను వదిలి చదువుకోవడం అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

తర్వాత స్కాట్లాండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరారు. ఏదైనా ఒక వృత్తి ఎంచుకోమని తండ్రి కోరగా వైద్యం తీసుకున్నారు. అక్కడ విలియం కలెన్ అనే ఆచార్యుడు ఆయనకు రసాయన శాస్త్రం మీద ప్రేమ కలిగించి, తన ప్రయోగశాలలో సహాయకునిగా పెట్టుకున్నారు. మంచి గురువు దొరికితే శిష్యుని దారి ఎలా మారుతుందో చూడండి!

1754లో ఎడిన్‌బరోలో వైద్య పట్టా పొందారు. మూత్రంలో రాళ్ళ జబ్బుకు మందు వెతుకుతూ మెగ్నీషియా మీద పరిశోధన చేశారు. వేడి చేయకముందు, చేశాక దాన్ని త్రాసులో తూచారు. తగ్గిన బరువు ఏమైందని ఆరా తీస్తే, అది వాయువుగా బయటికి పోయిందని తేలింది. ఈనాడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది అదే. 1756లో ఆయన గ్లాస్గోలో అధ్యాపకులయ్యారు.

మంచు చెప్పిన రహస్యం

ఆ కాలంలో థర్మామీటరు ఉంది కానీ, అది చూపే ఉష్ణోగ్రత వేరు, వస్తువులోని ఉష్ణం పరిమాణం వేరు అన్న స్పష్టత లేదు. మంచు కరిగే స్థితికి వచ్చాక కాస్త వేడి తగిలితే చాలు, మొత్తం నీరైపోతుందని అనుకునేవారు. బ్లాక్‌కు అనుమానం వచ్చింది. అదే నిజమైతే చలికాలం పోగానే కొండల మీది మంచంతా ఒక్కసారిగా కరిగి ఊళ్ళను ముంచెత్తాలి కదా! అలా జరగడం లేదంటే, కరగడానికే చాలా వేడి ఖర్చవుతోందన్నమాట.

ఈ సంగతి తేల్చడానికి ఆయనకు ఖరీదైన పరికరాలేవీ అవసరం కాలేదు. ఒకే రకమైన రెండు గుండ్రటి గాజు పాత్రలు, థర్మామీటరు, ఒక పెద్ద ఖాళీ హాలు సరిపోయాయి. ఒక పాత్రలో మంచు, ఇంకోదానిలో అంతే బరువున్న, 33 ఫారెన్‌హీట్ డిగ్రీల చల్లని నీరు తీసుకున్నారు. 47 డిగ్రీలున్న ఆ హాల్లో రెంటినీ వేలాడదీసి కనిపెట్టుకుని కూర్చున్నారు. నీరు అరగంటలో 7 డిగ్రీలు పెరిగి 40కి చేరింది. మంచు కరిగి అదే 40 డిగ్రీలకు రావడానికి పదిన్నర గంటలు పట్టింది. అంటే 21 అరగంటలు.

లెక్క మనమూ వేయగలం. అరగంటకు 7 డిగ్రీల చొప్పున 21 × 7 = 147. కరిగిన నీరు 32 నుంచి 40కి పెరగడానికి పోయినవి 8. మిగిలిన 139 డిగ్రీల వేడి మంచును కరిగించడానికే ఖర్చయింది, థర్మామీటరులో కనపడలేదు. ఇదే గుప్తోష్ణం. సెల్సియస్ లెక్కలో ఇది గ్రాముకు దాదాపు 77 కెలోరీలు. ఇప్పుడు మన పుస్తకాల్లో ఉన్న విలువ 80. రెండున్నర శతాబ్దాల క్రితం గాజు పాత్రలతో ఆయన ఎంత దగ్గరగా వచ్చారో గమనించండి. 1762లో ఈ ఫలితాన్ని గ్లాస్గోలోని పండితుల సభలో చదివారు.

పాదరసం, నీరు

వేడి పాదరసాన్ని, నీటిని కలిపి ఫారెన్‌హీట్ చేసిన ప్రయోగాలను కూడా బ్లాక్ కొత్త కళ్ళతో చూశారు. సమాన ఘనపరిమాణంలో 100 డిగ్రీల నీరు, 150 డిగ్రీల పాదరసం కలిపితే 125 రావాలనిపిస్తుంది. ఆయన పాఠాల్లోని లెక్క ప్రకారం వచ్చేది 120 మాత్రమే. పాదరసం 30 డిగ్రీలు కోల్పోతే నీరు 20 డిగ్రీలే పెరిగింది. నీటికన్నా పదమూడు రెట్లకు పైగా బరువైన పాదరసం వేడి విషయంలో నీటికి చాలలేదు! కనుక బరువొక్కటే కాదు, ఘనపరిమాణమొక్కటే కాదు, అది ఏ పదార్థమన్నది ముఖ్యం. విశిష్టోష్ణం పుట్టింది ఇక్కడే.

మన హాస్టల్లోనే చూద్దాం. 20 కిలోల నీటిని 25 నుంచి 45 సెల్సియస్ డిగ్రీలకు వేడి చేయాలంటే 20 × 1 × 20 = 400 కిలో కెలోరీలు కావాలి. అంతే బరువున్న ఇనుముకు 20 × 0.11 × 20 = 44 చాలు. పొయ్యి మీద పెనం గబుక్కున కాలి, నీళ్ళు నిదానంగా కాగడానికి ఇదొక ముఖ్య కారణం. అలాగే 80 డిగ్రీల వేడినీళ్ళు 5 లీటర్లలో 20 డిగ్రీల చన్నీళ్ళు 15 లీటర్లు కలిపామనుకోండి. బకెట్టుకు, గాలికి పోయేది లెక్కలోకి తీసుకోకపోతే 35 డిగ్రీలు వస్తుంది. వేడినీళ్ళు కోల్పోయింది 5 × 45 = 225, చన్నీళ్ళు పొందింది 15 × 15 = 225. ఇచ్చింది, పుచ్చుకున్నది సమానం.

స్నేహితుడు, గురువు

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ అనే యువకుడు ఉండేవాడు. కొంచెం ఆవిరి అంత ఎక్కువ నీటిని ఎలా మరిగిస్తోందో అతనికి అంతుపట్టలేదు. బ్లాక్ గుప్తోష్ణం గురించి వివరించారు, అప్పుగా డబ్బు కూడా ఇచ్చారు. 1765లో వాట్ విడి కండెన్సరు ఆలోచన చేసి ఆవిరి యంత్రం రూపురేఖలే మార్చాడు. ఆచార్యుడు ఒక పనివాడిని చిన్నచూపు చూడకపోవడం మనం ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

1766లో బ్లాక్ ఎడిన్‌బరోలో రసాయన శాస్త్ర ఆచార్యులయ్యారు. ఆయన పాఠాలు వినడానికి దూరదేశాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. శిష్యుడు డేనియల్ రూథర్‌ఫర్డ్ 1772లో నైట్రోజన్‌ను కనుగొన్నారు. ఆర్థిక శాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ ఆయనకు ఆప్తమిత్రుడు.

అయితే ఒక్క లోటు ఉంది. ఉష్ణం మీద తాను కనుగొన్నదాన్ని బ్లాక్ పాఠంగా చెప్పారే గాని అచ్చు వేయలేదు. 1772లో స్వీడన్‌లో విల్కె అనే శాస్త్రవేత్త స్వతంత్రంగా అదే విషయం కనుగొని ప్రచురించారు. బ్లాక్ పాఠాలు పుస్తకంగా వచ్చింది 1803లో, ఆయన పోయాక, మిత్రుడు రాబిసన్ శ్రమ వల్ల. ఉష్ణం ఒక ద్రవం వంటిదన్న ఆనాటి అభిప్రాయం తర్వాత తప్పని తేలింది. అది శక్తి అని 19వ శతాబ్దంలో రుజువైంది. అయినా ఆయన చూపిన కొలిచే పద్ధతి నిలిచింది.

బ్లాక్ పెళ్ళి చేసుకోలేదు. ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో మితంగా తినేవారు. 1799లో, 71 ఏళ్ళ వయసులో, రొట్టె, కొలిచి పోసుకున్న పాలతో భోజనానికి కూర్చుని ప్రశాంతంగా కన్నుమూశారు. ఒళ్ళో ఉన్న పాల కప్పు ఒలకనైనా లేదని ఆయన మిత్రులు రాశారు.

మిత్రులారా! మనకు పెద్ద ప్రయోగశాల లేదని దిగులు పడవద్దు. పదిన్నర గంటలు కనిపెట్టుకుని కూర్చునే ఓపిక, చూసిన దానికి లెక్క కట్టే అలవాటు మనకూ సాధ్యమే. బ్లాక్ చేయని పని కూడా మనం చేద్దాం. నేర్చుకున్నది, కనిపెట్టినది ఎప్పటికప్పుడు కాగితం మీద పెడదాం. మంచు కరిగేటప్పుడు థర్మామీటరు కదలదు, కానీ లోపల వేడి చేరుతూనే ఉంటుంది. మన చదువూ అంతే. ఫలితం కనపడని రోజుల్లో పడిన కష్టం కూడా వృథా పోదు.