ఆరిపోయిన దీపం చేసిన మేలు

చెరకు కోతల కాలంలో మన బార్డోలీ రోడ్ల నిండా చెరకు బండ్లే కదా! చక్కెర మిల్లుల బాయిలర్లలో చెరకు పిప్పిని కాలుస్తారు. గాలి చాలకపోతే పిప్పి సరిగా మండదు. గాలి ఎక్కువైతే వేడి పొగగొట్టం దారిన పోతుంది. అందుకే బాయిలర్ల పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలవడానికి సెన్సార్లు వాడతారు. ఇలాంటి సెన్సార్లలో పేరుపొందినది జిర్కోనియా అనే లోహ ఆక్సైడుతో చేసినది. దాని మూలం వెతికితే వాల్తర్ నెర్న్‌స్ట్ అనే శాస్త్రవేత్త కనిపిస్తారు.

ఆయన 1864 జూన్ 25న ప్రష్యాలోని బ్రీజెన్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి న్యాయమూర్తి. మీలాగే ఆయన చదువు కూడా ఒక్కచోట సాగలేదు. జ్యూరిక్, బెర్లిన్, గ్రాజ్, వుర్జ్‌బర్గ్ తిరిగి చదివారు. 1889లో, పాతికేళ్ల వయసులో, ఒక సమీకరణం ఇచ్చారు. రెండు వైపులా ఒక పదార్థం గాఢత వేరుగా ఉంటే ఎంత వోల్టేజి పుడుతుందో అది చెబుతుంది.

1897లో గొట్టింగెన్‌లో ఆయన ఒక దీపం తయారుచేశారు. అందులో జిర్కోనియాకు ఇట్రియా కలిపిన చిన్న కడ్డీ ఉండేది. చల్లగా ఉంటే అది విద్యుత్తును పోనివ్వదు. ముందుగా వేడి చేస్తే తెల్లగా వెలుగుతుంది. దాని పేటెంటును పది లక్షల మార్కులకు అమ్మారు. అయితే కొన్నేళ్లకే టంగ్‌స్టన్ బల్బులు వచ్చాయి. నెర్న్‌స్ట్ దీపం ఇళ్ల నుంచి మాయమైంది.

ఆయన ఆగలేదు. ఉష్ణ రసాయన శాస్త్రంలో చేసిన కృషికి 1920 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్నారు. జీవితం మాత్రం సుఖంగా గడవలేదు. ఇద్దరు కొడుకులూ మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయారు. ఇద్దరు కూతుళ్లు యూదులను పెళ్లాడినందున హిట్లర్ కాలంలో దేశం విడిచి వెళ్లారు. 1941 నవంబరు 18న ఆయన కన్నుమూశారు.

ఆ దీపపు పదార్థమూ, ఆ సమీకరణమూ తర్వాత సెన్సారులో కలిశాయి. వేడెక్కిన జిర్కోనియా గుండా ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి. ఒకవైపు బయటి గాలి, మరోవైపు పొగ ఉంటే వోల్టేజి పుడుతుంది. దాన్నిబట్టి ఆక్సిజన్ లెక్క తేలుతుంది. 1976 నుంచి కార్లలోనూ ఈ సెన్సారు పనిచేస్తోంది. ఇప్పుడు శాస్త్రవేత్తలు లోహ ఆక్సైడులను నానోమీటర్ల సైజు రేణువులుగా చేస్తున్నారు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. రేణువు చిన్నదైన కొద్దీ, అదే బరువుకు వాయువు తగిలే ఉపరితలం పెరుగుతుంది.

బదిలీ అయిన ప్రతిసారీ నేను కొన్ని పుస్తకాలు వదిలేసి, తర్వాత వాటికోసం వెతుక్కున్నాను. మీరు మాత్రం కిందటి ఊళ్లో నేర్చుకున్న భాష, సగం రాసిన నోట్సు ఇక్కడ పనికిరావని పారేయకండి. పెట్టెలో వాటికి కాస్త చోటివ్వండి.