కల్వంలో రసాయనాన్ని కన్న కేరీ లీ

హకీముల ఖరల్ గాని, ఆయుర్వేద వైద్యుల కల్వం గాని మనకు క్రొత్తవి కావు. సుర్మా రాయిని నూరిన కొద్దీ అది మెత్తనవుతుంది. నూరుట వలన జరిగేది అంతమాత్రమే అని లోకం భావిస్తుంది. పదార్థ స్వభావమే మారగలదని తూచి నిరూపించిన వారిలో అగ్రగణ్యుడు మాథ్యూ కేరీ లీ.

ఈయన 1823లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. తండ్రి ఐజాక్ లీ గ్రంథ ప్రచురణకర్త, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. తమ్ముడు హెన్రీ చార్లెస్ లీ చరిత్రకారుడు. బలవంతపు మతమార్పిడికి లోనై, తుదకు స్పెయిన్ నుండి వెళ్లగొట్టబడిన మొరిస్కోల చరిత్రను 1901లో వెలువరించినది ఇతడే. కనుక ఆ కుటుంబం మన విద్యార్థులకు పరాయిది కారాదు.

కేరీ లీ బాల్యం నుండి దుర్బలుడు. చదువు ఇంటిలోనే సాగింది. 1847లో న్యాయవాదిగా నమోదైనా, ఆరోగ్యం సహకరింపక ఆ వృత్తిని విడిచి రసాయన శాస్త్రాన్ని ఆశ్రయించాడు. ప్రయోగశాలలో జరిగిన ప్రమాదం ఒక కంటిని హరించింది. మిగిలిన కంటితోనే, చెస్ట్‌నట్ హిల్‌లోని స్వగృహంలో, ఫోటోగ్రఫీకి ప్రాణమైన వెండి లవణాలను దశాబ్దాల తరబడి పరిశోధించాడు.

ఆ లవణాలు వెలుగు సోకితే నల్లబడతాయి. వెలుగు చేసే పనిని ఒత్తిడి, రాపిడి చేయగలవా? 1892 నుండి 1894 వరకు, డెబ్బదేండ్ల ప్రాయంలో, ఆయనను పట్టి ఉంచిన ప్రశ్న ఇది. సిల్వర్ క్లోరైడును కాచితే కరుగుతుంది; మెర్క్యూరిక్ క్లోరైడును కాచితే ఆవిరిగా లేస్తుంది; రెండూ విడిపోవు. కల్వంలో గట్టిగా నూరినప్పుడు మాత్రం రెండూ కొద్దికొద్దిగా విడిపోయాయి! రాపిడిలో పుట్టిన వేడి వల్లనే ఇది జరిగిందనడానికి ఇక ఆస్కారం లేదు, వేడి చేయలేని పని కదా అది. బంగారు లవణాన్ని నూరి, వేరుపడిన బంగారం ఎంతో కూడా లెక్క తేల్చాడు. నా దృష్టిలో ఆయన ప్రతిభ అంతా ఈ పోలికలోనే ఉంది. పరికరం చూడబోతే వంటింటి రోలు వంటిదే.

తరువాతి శాస్త్రజ్ఞులు ఖనిజాలలోనూ ఇట్టి మార్పులు కనుగొన్నారు. చీనామట్టిని పొడిగా అతి సూక్ష్మంగా నూరితే దాని స్ఫటిక నిర్మాణం చెదిరిపోతుంది. నీటితో నూరితే అంతగా చెదరదు. కాల్సైటును చాలాసేపు నూరితే కొంత భాగం ఆరగొనైటుగా మారుతుంది. ద్రవ్యం అదే, అణువుల అమరిక వేరు.

లీ 1897 మార్చిలో మరణించాడు. ఆయన కోరిక మేరకే ప్రయోగాల నోటుపుస్తకాలను నాశనం చేశారు. అచ్చయిన వ్యాసాలు మాత్రం మిగిలాయి.