తెన్నేటి విశ్వనాథం గారు – చట్టసభల పాఠం

సముద్రపు ఒడ్డున ఉన్న తెన్నేటి పార్కు మనందరికీ తెలుసు. ఆ పేరుగల మహనీయుణ్ణి ఉక్కు ఉద్యమ నాయకుడిగా తలచుకుంటాం. చట్టసభల మనిషిగా ఆయన జీవితం కూడా మన విద్యార్థులు తెలుసుకోదగినది.

తెన్నేటి విశ్వనాథం గారు 1895లో అప్పటి విశాఖపట్నం జిల్లా లక్కవరంలో జన్మించారు. న్యాయవాద వృత్తి చేపట్టి, స్వాతంత్ర్యోద్యమంలో దిగి జైలుకు వెళ్లారు. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారికి సన్నిహిత సహచరులు. పంతులు గారి ఆత్మకథకు చివరి భాగం రాసి పూర్తిచేసింది కూడా ఆయనే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం గారి మంత్రివర్గంలో ఆర్థిక, న్యాయ శాఖలు చూశారు. మద్యనిషేధం అమలుపై రేగిన వివాదంతో 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చట్టాన్ని అమలుచేసే తీరుకు ప్రభుత్వం సభకు జవాబుదారీ అన్న సంగతి ఆయన మంత్రిగా ఉండి చవిచూశారు.

సభ చట్టం చేస్తుంది. వివరాలన్నీ చట్టంలో పట్టవు కనుక నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వ శాఖలకు ఇస్తుంది. సామాన్యుడికి నిత్యం తగిలేది ఆ నిబంధనలే. వాటిని పరిశీలించడానికి లోక్‌సభ 1953 డిసెంబరులోనే ఒక కమిటీ వేసింది. అందులో మంత్రులకు చోటు లేదు. నిబంధన చట్టం హద్దు దాటిందా, చట్టంలో లేని పన్ను వేసిందా, కోర్టుకు వెళ్లే దారి మూసిందా అని ఆ కమిటీ చూస్తుంది. మన రేవునే చూడండి. 1963 నాటి చట్టం కింద 1964లో విశాఖ పోర్ట్ ట్రస్టు ఏర్పడింది. 2021లో కొత్త చట్టం వచ్చేవరకు, ఆ చట్టం కింద కేంద్రం చేసే నిబంధనలను పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచాల్సి ఉండేది. ఆ పార్లమెంటుకే 1967లో విశాఖ ప్రజలు తెన్నేటి వారిని పంపారు.

అంతకు ముందటి ఏడు ఊరు అట్టుడికిపోయింది. ఉక్కు కర్మాగారం కావాలని శాసనసభ తీర్మానించినా ఢిల్లీ కదలలేదు. 1966 నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన తెన్నేటి వారు ఆ తర్వాత కూడా ఆ కోరికను వదల్లేదు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1979లో తెన్నేటి వారు కన్నుమూశారు. కర్మాగారం జాతికి అంకితమైంది 1992లో.

కర్మాగారం కోసం పల్లెలు ఖాళీ అయ్యాయి. భూములిచ్చిన కుటుంబాలకు ఆర్ కార్డులు అందాయి గాని, ఉద్యోగం కోసం ఎదురుచూపు చాలామందికి తరం మారినా తీరలేదు. అలాంటి కుటుంబాల బతుకు ప్రభుత్వ ఉత్తర్వుల మీద, సంస్థ నిబంధనల మీద నడిచింది. వాటిని ఎవరు పరిశీలించాలి, ఎప్పుడు ప్రశ్నించాలి అన్నది వారికి పుస్తకాల్లో ప్రశ్న కాదు, ఇంటి గడప ముందున్న ప్రశ్న.

మన బడిలో పౌరశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. బిల్లు ఎలా చట్టమవుతుందో చెప్పి ఆపకండి. ఒక జీవో ఏ చట్టం కింద వచ్చింది, సభ ముందుకు వెళ్లిందా లేదా అని అడగడం కూడా పిల్లలకు నేర్పండి. తెన్నేటి వారి ఊరి పిల్లలకు ఆ అలవాటు ఉండాలి.