వెలుగును కొలిచిన సూరి భగవంతం

పావగడ నుంచి పెనుకొండ మీదుగా పుట్టపర్తికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు. వాళ్ళు పాత ముచ్చట్లు చెప్పేటప్పుడు ఒక పెద్దాయన మాట వస్తుంది. సత్యసాయిబాబా తెలుగులో ప్రసంగిస్తుంటే పక్కన నిలబడి, ఎప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పిన మనిషి. ఆయనే సూరి భగవంతం. మన వైపు ఆ పేరు గుర్తున్నవాళ్ళకు అలాగే గుర్తుంది. అది తప్పని మేము అనం. కానీ ఆ వేదిక ఎక్కడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆయన వెలుగు రంగులో వచ్చే అతి చిన్న తేడాలను కొలిచి భౌతికశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. ఆ కథ మన ఇళ్ళకు సరిగ్గా చేరలేదు.

ఆయన 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో పుట్టారు. నూజివీడు దగ్గరి ఊరు అది. గుడివాడలో చదువుకున్నారు. హైదరాబాదు నిజాం కాలేజీలో ఫిజిక్సుతో బీఎస్సీ చేశారు. ఆ కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. తర్వాత 1928లో, ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే, కలకత్తా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో సర్ సి.వి. రామన్ దగ్గర చేరారు.

ఆ ఏడాది ఎలాంటిదో చెప్పాలి. ఫిబ్రవరి 28న రామన్, కె.ఎస్. కృష్ణన్ అదే చోట కొత్త ఫలితాన్ని పట్టుకున్నారు. మనం ఏటా జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకొనేది ఆ రోజునే. అంటే ఆగిరిపల్లి కుర్రవాడు అక్కడికి వెళ్ళేసరికి రామన్ ఎఫెక్ట్ ఇంకా పసిది. ఎవరికి ఓపిక ఉంటే వాళ్ళకు అందులో బోలెడు పని.

ఆ పని ఏమిటో అర్థం కావాలంటే ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు, 435.8. పాదరసపు దీపం వెలుగును రంగులుగా విడదీస్తే ఇంద్రధనుస్సులాగా ఒకదానిలో ఒకటి కలిసిపోయిన రంగులు రావు. విడివిడిగా కొన్ని గీతలు వస్తాయి. అందులో ఒక నీలి గీత తరంగదైర్ఘ్యం 435.8 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఈ నీలి వెలుగును బెంజీన్ అనే ద్రవంలోకి పంపి, పక్కకు చెదిరిన వెలుగును చూస్తే, పాత గీతతోపాటు సుమారు 455.5 నానోమీటర్ల దగ్గర సన్నని కొత్త గీత కనిపిస్తుంది. ఆ ఇరవై నానోమీటర్ల జరుగుబాటు బెంజీన్ అణువు సొంత గుర్తు. ఊపిరి తీసినట్టు ఆ అణువు ఉబ్బి తగ్గుతుంటుంది. ఆ కదలికకు ఖర్చయినంత శక్తి వెలుగులోంచి తగ్గిపోతుంది. వజ్రంతో చూస్తే గీత సుమారు 462.7 దగ్గరికి పోతుంది. భగవంతం గారు 1930లోనే వజ్రం మీద ఈ పని చేసి ప్రచురించారు.

చెదిరిన వెలుగులో ఇలా రంగు మారేది చాలా చాలా కొద్ది భాగం. కంటికి అందడం కష్టం. ఫోటో ప్లేటును గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తెరిచి ఉంచాలి. తర్వాత ఆ ప్లేటును సూక్ష్మదర్శిని కింద పెట్టి గీతల మధ్య దూరాలు కొలవాలి. పక్కనే ముందే తెలిసిన గీతలుంటాయి. తెలిసిన దానితో పోల్చి తెలియని దాన్ని లెక్క కట్టాలి. ప్లేటు నలుపు తెలుపే, రంగు అందులో కనిపించదు. గీత ఎక్కడ పడిందన్నదే లెక్క.

మేము ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. అదే నీలి గీత మన అటక మీద ఉంది. ఎల్ఈడీలు వచ్చాక తీసి పడేసిన సీఎఫ్ఎల్ బల్బు లోపలున్నది పాదరసమే. దాని వెలుగులో 435.8 నీలి గీత, 546.1 పచ్చ గీత ఇప్పటికీ ఉన్నాయి. చెప్పుల డబ్బాకు ఒక చివర బ్లేడుతో సన్నని చీలిక పెట్టండి. పాత సీడీ వెనక పూతను గోకి టేపుతో పీకేస్తే పారదర్శకంగా మారుతుంది. దాని ముక్క ఒకటి ఫోను కెమెరా మీద అంటించండి. సీడీ మీది గాడికీ గాడికీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, కాబట్టి పచ్చ గీత దాదాపు 20 డిగ్రీలు పక్కకు వంగుతుంది, నీలిది 16 డిగ్రీలకు అటూ ఇటూ. ఫోనును అంత వాలుగా పెట్టి చీలికలోంచి వచ్చే బల్బు వెలుగును ఫోటో తీస్తే గీతలు పడతాయి.

ఇప్పుడు ఫోటోలో నీలి గీత 1000వ పిక్సెల్ మీద, పచ్చ గీత 1552వ పిక్సెల్ మీద ఉన్నాయనుకుందాం. మధ్య దూరం 552 పిక్సెళ్ళు, తరంగదైర్ఘ్యంలో తేడా 110.3 నానోమీటర్లు. అంటే పిక్సెల్‌కు సుమారు 0.2. ఫోనునూ డబ్బానూ కదపకుండా, జూమ్ మార్చకుండా, చీలిక ముందు సీఎఫ్ఎల్ తీసి ఇంట్లో వాడే ఎల్ఈడీ బల్బు పెట్టండి. దాని నీలం బాగా మెరిసే చోటు 1075 దగ్గర పడితే, అది సుమారు 451 నానోమీటర్లు. పచ్చ దగ్గర బల్బు లోపలి పొడి పూత గీత కూడా కలిసిపోతుంది కాబట్టి ఒకటి రెండు నానోమీటర్లు అటూ ఇటూ కావచ్చు. ఫోను చూపే రంగును నమ్మకండి, అది కెమెరా సొంత అంచనా. గీత ఉన్న చోటును నమ్మండి. సూర్యుడి వైపు మాత్రం ఈ డబ్బా తిప్పి చూడొద్దు. తిరుమణి చుట్టూ వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరిచిన తాలూకా మనది. ఆ పలకల్లోనూ ఫోను కెమెరా లోపలా వెలుగును పట్టేది ఒకటే పదార్థం, సిలికాన్.

రామన్ గీతలు మాత్రం ఫోనుకు చిక్కవు. అవి అంత మసకగా ఉంటాయి. అది కలకత్తా ప్లేట్ల ఓపిక పని.

ఆ ఓపికతోనే 1931లో రామన్, భగవంతం కలిసి ఇంకో అడుగు ముందుకు వేశారు. చెదిరిన వెలుగు కంపించే దిశ ఎంత చెదిరిందో కొలిచి, వెలుగు కణానికి, అంటే ఫోటాన్‌కు, తనదైన తిరుగుడు ఉందని ప్రయోగం ఆధారంగా వాదించారు. ఈ రోజు పియుసి పిల్లలు కూడా ఒక్క వాక్యంలో చదివేసే ఈ సంగతి అప్పటికి కొత్తది.

1932లో ఆయన వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరర్‌గా చేరారు. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ వైస్‌చాన్సలర్. మా దృష్టిలో భగవంతం గారి అసలైన రోజులు ఇవే. గణితజ్ఞుడు టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన ఒక ప్రశ్న పట్టుకున్నారు. స్ఫటికం సౌష్ఠవం తెలిస్తే, ఎన్ని రామన్ గీతలు రావాలో ప్రయోగానికి ముందే చెప్పగలమా? చెప్పగలమని గణితంతో చూపించారు. వెలుగు చెదరడం మీద 1940లో ఒక పుస్తకం, వెంకటరాయుడుతో కలిసి గ్రూపుల సిద్ధాంతం మీద 1948లో ఇంకొకటి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచే వచ్చాయి. కలకత్తాలో గీతలు కొలిచిన మనిషి వాల్తేరులో, అన్నే గీతలు ఎందుకు రావాలో చెప్పే పనికి ఎదిగారు.

తర్వాతి జీవితం పదవులది. 1948లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో సైన్సు అధికారి. 1949లో ఉస్మానియాకు వచ్చారు, 1952 నుంచి 1957 దాకా అక్కడ వైస్‌చాన్సలర్. ఉర్దూలో పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మళ్ళిన కొత్త రోజులవి. 1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. అంతకు ముందు ఆయన గురువు రామన్ కూర్చున్న కుర్చీ అది. 1961లో డి.ఎస్. కొఠారి తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్ళి 1969 దాకా పనిచేశారు. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆ కాలంలోనే. దేశానికి ఇవన్నీ అవసరమైన పనులే. అయినా వాల్తేరు రోజుల మనిషి ఇంకో పదేళ్ళు ప్రయోగశాలలో ఉండి ఉంటే అని మాకు అనిపిస్తుంది. మంచి శాస్త్రవేత్తను తొందరగా ఆఫీసు కుర్చీలోకి లాగే అలవాటు మన దేశంలో పాతదే. ఆయన మాత్రం పూర్తిగా వదల్లేదు, స్ఫటికాల సౌష్ఠవం మీద పుస్తకం 1966లో, రక్షణ శాఖలో ఉండగానే వచ్చింది.

పుట్టపర్తి అధ్యాయం సైన్సు రంగంలో కొందరికి నచ్చలేదు, భక్తులకు గౌరవం పెంచింది. ఆ తగువు తేల్చడం మా పని కాదు. మాకు అందులో కనిపించేది ఆయన భాష. కృష్ణా జిల్లా ఇంట్లో తెలుగు, హైదరాబాదు కాలేజీలో ఇంగ్లీషు, ఇరవై ఏళ్ళ లోపే బెంగాలీ నగరం. మన పిల్లలదీ దాదాపు అలాంటి దారే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పియుసి సైన్సుకు వచ్చేసరికి ఇంగ్లీషు. మూడో మెట్టు దగ్గర ఫిజిక్స్ వదిలేసిన పిల్లలను మేము చాలామందిని చూశాం. తెలివి లేక వదిలేసినవాళ్ళు కారు.

ఆయన 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఆయన నడిపిన బెంగళూరు సంస్థకు ఇప్పుడు మన పొరుగు చళ్ళకెరెలో రెండో ఆవరణ ఉంది.

ఇక ఆ బల్బు సంగతి. సీఎఫ్ఎల్‌లు అంగళ్ళలో దొరకడం తగ్గిపోయింది. ఇంట్లో వెలిగేది ఒకటి మిగిలి ఉంటే పారేయకుండా పిల్లల చేతికి ఇవ్వండి. పగలకుండా మాత్రం చూసుకోవాలి, లోపల ఉన్నది పాదరసం.