డార్విన్ పెరటి మడులు

చార్లెస్ డార్విన్ అనగానే కోతి, మనిషి అన్న రెండు మాటలే మనకు గుర్తుకు వస్తాయి. ఆయన విత్తనాలు చల్లి, కలుపు మొక్కలు లెక్కపెట్టి, తేనెటీగల వెంట తిరిగిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. పెరటి మొక్కలతో కాలక్షేపం చేసే మన పెన్షనర్ మిత్రుల కోసం ఆ భాగమే రాస్తున్నాను.

1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో జన్మించారు. 1831 నుండి 1836 వరకు బీగిల్ ఓడలో లోకం చుట్టి వచ్చారు. 1839లో మేనమామ కూతురు ఎమ్మాను వివాహమాడారు. మనవాళ్లు వరసైన సంబంధం అంటారే, అదే. 1842లో కెంట్ ప్రాంతంలోని డౌన్ గ్రామం చేరి, మిగిలిన నలభై ఏళ్లు అక్కడే గడిపారు. ఆరోగ్యం అంతంత మాత్రం. ఉద్యోగం లేదు గాని లెక్కల్లో మాత్రం మన గుమాస్తాలను మించినవారు.

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేలను చదును చేసి, తానుగా మొలిచిన ప్రతి కలుపు మొక్కకూ గుర్తు పెట్టారు. 357 మొలిస్తే 295 నత్తల, పురుగుల పాలయ్యాయి. ఎర్ర క్లోవర్ అనే పశుగ్రాసం పూగుత్తులు నూరింటిని తేనెటీగలకు వదిలితే 2,700 గింజలు వచ్చాయి. తేనెటీగలు వాలకుండా కాపాడిన నూరు గుత్తుల్లో ఒక్క గింజ లేదు. తుమ్మెదలు ఏ దారిన పోతున్నాయో చూడటానికి పిల్లలను కంచెల వెంట కాపలా పెట్టేవారు. ఆ పిల్లలకు అంతకంటె మంచి బడి ఏముంటుంది!

అసలు మలుపు లినేరియా అనే పసుపు రంగు అడవి పువ్వుతో వచ్చింది. ఒకే మొక్క నుండి రెండు రకాల విత్తనాలు తీశారు. సొంత పుప్పొడితో కట్టినవి ఒక మడిలో, వేరే మొక్క పుప్పొడితో కట్టినవి పక్క మడిలో చల్లారు. ఆయన చూడదలచినది వేరే విషయం. కాని మొక్కలు ఎదిగాక పరపుప్పొడి మడి స్పష్టంగా ఎత్తుగా, బలంగా నిలిచింది. తేనెటీగ పువ్వు పువ్వుకూ తిరగడం వల్ల మొక్కకు ఒరిగే మేలు అదన్నమాట. ఆ ఆశ్చర్యంతో మొదలుపెట్టి పదకొండేళ్లు పరీక్షలు చేశారు. విత్తనాలను తడి ఇసుకలో మొలకెత్తించి, ఒకేసారి మొలిచిన జంటను ఒకే కుండీలో ఎదురెదురుగా నాటి, కొలిచేవారు. మన కాశీరత్నానికి దగ్గర చుట్టమైన ఐపోమియా తీగను పది తరాలు పెంచితే, పరపుప్పొడి తీగ 100 అయితే సొంత పుప్పొడిది 77 తేలింది. ఈ లెక్కలన్నీ 1876లో పుస్తకంగా వచ్చాయి.

ఆ అంకెలు ఆయనకు వట్టి అంకెలు కావు. పది మంది సంతానంలో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ల ఆనీ 1851లో మరణించినప్పటి దుఃఖం ఆయనను చివరిదాకా వదలలేదు. దగ్గర సంబంధం చేసుకున్నందుకే పిల్లలు బలహీనులయ్యారా అన్న బెంగ ఉండేది. 1871 జనాభా లెక్కల్లో మేనరికాల ప్రశ్న చేర్చమని పొరుగువాడైన పార్లమెంటు సభ్యుడు లబ్బక్ ద్వారా ప్రయత్నించారు. సభ ఒప్పుకోలేదు. తరువాత కుమారుడు జార్జి లెక్కలు తీసి, భయపడినంత కీడు కనిపించలేదని 1875లో ప్రకటించాడు. మేనరికాలు మామూలైన మన ఇళ్లలో ఈ బెంగ ఎరుగని పెద్దలు తక్కువ.

1882 ఏప్రిల్ 19న కన్నుమూశారు. అందుకు రెండు రోజుల ముందు, కుమారుడు ఫ్రాన్సిస్ దగ్గర లేనందున, అతని ప్రయోగం ఎంతవరకు వచ్చిందో తానే చూసి రాసిపెట్టారు.