సైన్యం వదిలేసిన విమానం - బెస్సీ కోల్మన్ జీవితం

హాస్టల్ మీదుగా విమానం చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో అన్నం పళ్ళెం ఉన్నా సరే బయటికి పరుగెత్తేవాళ్ళం. లోపల ఎంతమంది ఉంటారు, టికెట్టు ఎంత ఉంటుంది అని పందెం వేసుకునేవాళ్ళమేగాని, దాన్ని నడిపేవాళ్ళు ఎలాంటి ఇళ్ళ నుంచి వస్తారని ఎవరం అడగలేదు. ఒక మనిషి విమానాన్ని సొంతంగా కొనుక్కోవచ్చన్న ఊహ మాకెవరికీ కలలో కూడా రాలేదు. ఈ వార్షికోత్సవ సంచికకు ఎవరిదైనా జీవితచరిత్ర రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చిన పేరు బెస్సీ కోల్మన్. పత్తి ఏరిన చేతులతో విమానం నడిపి, సైన్యం అమ్మేసిన పాత విమానాన్ని సొంతం చేసుకున్న నల్లజాతి మహిళ ఆమె.

బెస్సీ 1892 జనవరి 26న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో అట్లాంటా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పదముగ్గురు సంతానంలో పదోది. తల్లి సుసాన్, తండ్రి జార్జ్. తండ్రి వైపు అమెరికా ఆదివాసుల రక్తసంబంధం కూడా ఉంది. భూమి యజమానిది, చాకిరీ వీళ్ళది. పండిన పత్తిలో వాటా పోగా మిగిలినదే బతుకు. ఆమెకు రెండేళ్ళప్పుడు కుటుంబం వాక్సహాచీ అనే పట్టణానికి మారింది. నల్లవాళ్ళకు ఓటు లేదు, రైల్లో వేరే పెట్టె, బడి కూడా వేరే. ఆ ఒంటిగది బడికి బెస్సీ రోజూ నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళేది. లెక్కల్లో చురుకైన పిల్ల. పత్తి పగిలే కాలం వస్తే మాత్రం బడికి తాళం పడేది, పిల్లలందరూ చేలల్లోకే. దసరా సెలవుల్లో అమ్మ వెంట పత్తికి వెళ్ళిన మనవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి వేళ్ళ చివర్లు పత్తికాయ డిప్పలు గీరుకుని ఎలా మండుతాయో మనకు తెలుసు.

1901లో తండ్రి ఈ వివక్ష భరించలేక ఓక్లహోమా ప్రాంతానికి వెళ్ళిపోయాడు. తల్లి వెళ్ళలేదు. తెల్లవాళ్ళ ఇళ్ళలో పని చేస్తూ పిల్లల్ని సాకింది. బెస్సీ చెల్లెళ్ళను చూసుకుంటూ, ఇతరుల బట్టలు ఉతికి పైసా పైసా కూడబెట్టింది. పద్దెనిమిదో ఏట ఆ డబ్బు పట్టుకుని ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే కళాశాలలో చేరింది. ఒక్క టర్ము గడిచేసరికి డబ్బు అయిపోయింది. తిరిగి వాక్సహాచీకి, తిరిగి బట్టల మూటల దగ్గరికి. కాలేజీ గడప తొక్కి ఫీజు కట్టలేక వెనక్కి వచ్చినవాళ్ళు మన బ్యాచుల్లో కూడా ఉన్నారు. ఆ ఒక్క టర్ము గురించి చదివినప్పుడు నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

1915లో, సరిగ్గా ఇప్పటి నా వయసులో, అంటే ఇరవైమూడేళ్ళకు ఆమె చికాగో నగరంలో ఉన్న అన్నల దగ్గరికి చేరింది. ఒక క్షౌరశాలలో మగవాళ్ళకు గోళ్ళు తీర్చిదిద్దే పనిలో కుదిరింది. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్నది. అన్నలు సైన్యంలో ఫ్రాన్సు వెళ్ళి వచ్చారు. జాన్ అనే అన్న ఒకరోజు దుకాణంలో అందరి ముందూ చెల్లెల్ని ఆటపట్టించాడు. ఫ్రాన్సులో ఆడవాళ్ళు విమానాలు కూడా నడుపుతారు, నీవల్ల ఏమవుతుంది అన్నట్టు మాట్లాడాడు. అందరూ నవ్వారు. బెస్సీ ఆ మాటను నవ్వులో పోనివ్వలేదు.

అమెరికాలో ఏ విమాన పాఠశాలా ఆమెను చేర్చుకోలేదు. ఒకటి నల్లజాతి, రెండు ఆడమనిషి. చికాగో డిఫెండర్ అనే నల్లజాతి పత్రిక యజమాని రాబర్ట్ అబ్బాట్ ఆమెను ఫ్రాన్సు వెళ్ళమని సలహా ఇచ్చాడు. దానికి ముందు ఫ్రెంచి రావాలి. పగలు పని, తీరికవేళ ఫ్రెంచి పాఠాలు. అబ్బాట్, జెస్సీ బింగా అనే బ్యాంకు యజమాని డబ్బు సాయం చేశారు. 1920 నవంబరులో న్యూయార్కులో ఓడ ఎక్కింది. ఉత్తర ఫ్రాన్సులో లె క్రొటాయ్ అనే ఊళ్ళో కోద్రోన్ సోదరుల పాఠశాలలో న్యూపోర్ట్ అనే విమానం మీద నేర్చుకుంది. స్టీరింగు చక్రం లేదు, చేతిలో ఒక కర్ర, కాళ్ళ కింద ఒక అడ్డపట్టీ, అంతే. తోటి విద్యార్థి కళ్ళముందే విమానం కూలి చనిపోయినా ఆమె చదువు మానలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ పైలట్ లైసెన్సు పొందింది. ఆ లైసెన్సు అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమే. పేరు మోసిన అమీలియా ఇయర్‌హార్ట్‌కు ఆ లైసెన్సు వచ్చింది 1923లో. ఇంకో ముచ్చట. ఆ లైసెన్సులో బెస్సీ పుట్టిన సంవత్సరం 1896 అని ఉంటుంది. నాలుగేళ్ళు తగ్గించి రాయించుకుంది. మనలో చాలామంది పుట్టినతేదీ బడిలో చేర్చుకున్న సారు వేసిందే కాబట్టి మనం ఆమెను తప్పుపట్టలేం.

లైసెన్సు చేతికొచ్చింది సరే, విమానం ఏదీ? ఆ రోజుల్లో ప్రయాణికుల విమానాలు చాలా అరుదు, ఉద్యోగాలూ అంతంతమాత్రమే. పైలట్‌కు కూడు పెట్టేది జనం ముందు చేసే విన్యాసాలే. వాటి కోసం 1922లో మళ్ళీ యూరప్ వెళ్ళి ఇంకా కొంత నేర్చుకుని వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర కర్టిస్ మైదానంలో తొలి ప్రదర్శన ఇచ్చింది. యుద్ధంలో పోరాడి వచ్చిన నల్లజాతి 369వ పదాతి దళం గౌరవార్థం జరిగిన ప్రదర్శన అది. తర్వాత చికాగోలో. ఇవన్నీ అరువు విమానాలతోనే. ఆమె మనసులో ఉన్నదల్లా నల్లజాతి పిల్లల కోసం ఒక విమాన పాఠశాల. సొంత విమానం లేకుండా పాఠశాల ఎలా?

సరిగ్గా అప్పుడే ఒక సినిమా కంపెనీ ఆమె కథతో సినిమా తీస్తామని ముందుకొచ్చింది. డబ్బొస్తుంది, పేరొస్తుంది. మొదటి దృశ్యంలో చిరిగిన బట్టలు కట్టుకుని, చేతికర్రతో, వీపున మూటతో పట్నానికి వచ్చే పల్లెటూరి మొద్దుపిల్లలా కనిపించమన్నారు. ఆమె నిజంగా పల్లె నుంచే వచ్చింది, పేదరికం నుంచే వచ్చింది. కానీ నల్లవాళ్ళంటే ఇంతే అని తెల్లవాళ్ళు నవ్వుకునే బొమ్మగా నిలబడనని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె చేయాల్సింది కాదని, ఆ డబ్బుతో మంచి విమానం వచ్చేదని నా స్నేహితుడొకడు వాదించాడు. మా ఇద్దరికీ రాత్రి పన్నెండు దాకా వాదన తెగలేదు. నేనైతే ఆమె పక్షమే.

మంచి విమానం అందలేదు కాబట్టి ఆమె చేతికి వచ్చింది సైన్యం పాత విమానం. దాన్ని గురించి కొంచెం చెప్పాలి. కర్టిస్ జె.ఎన్-4 అని దాని పేరు, ముద్దుగా జెన్నీ అనేవాళ్ళు. యుద్ధకాలంలో అమెరికా సైన్యం పైలట్లకు శిక్షణ ఇచ్చింది ఎక్కువగా దీని మీదే. ఆరువేలకు పైగా తయారయ్యాయి. 1918 నవంబరులో యుద్ధం ఆగిపోగానే వేలకొద్దీ విమానాలు గోదాముల్లో మిగిలాయి. కొత్తదాని ధరలో చిన్న భాగానికే సైన్యం వాటిని మామూలు జనానికి అమ్మేసింది. చెక్క చట్రం, దాని మీద బిగించి రంగుపూసిన బట్ట, రెక్కల మధ్య తీగలు. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, పైకప్పు లేని రెండు సీట్లు. శిక్షణ విమానం కాబట్టి రెండు సీట్ల దగ్గరా నడిపే సాధనాలు ఉండేవి. ఇంజను 90 గుర్రాల శక్తి. వేగం గంటకు 120 కిలోమీటర్లు, ఈనాటి కారు అంత. ఇంజను భాగాలు కొన్నింటికి చేత్తో గ్రీజు పెడుతూ ఉండాలి. మన హాస్టల్లో ట్రంకుపెట్టె దగ్గర్నుంచి గైడ్ల దాకా సీనియర్ల దగ్గర కొన్నవే కదా. తాళం సరిగా పడకపోయినా పెట్టె పెట్టెే. విమానం అలా కాదు.

1923 మొదట్లో కాలిఫోర్నియాలో ఒక టైర్ల కంపెనీకి ప్రచారం చేసే ఒప్పందంతో బెస్సీ తన మొదటి జెన్నీని కొన్నది. ఫిబ్రవరిలో లాస్ ఏంజిల్స్‌లో ప్రదర్శన. జనం ఎదురుచూస్తున్నారు. శాంటా మోనికాలో పైకి లేచిన కాసేపటికే, సుమారు 300 అడుగుల ఎత్తులో ఇంజను ఆగిపోయింది. విమానం నుజ్జయింది. ఆమె కాలు, పక్కటెముకలు విరిగాయి. నెలల తరబడి ఆసుపత్రి. నడవగలిగిన రోజే మళ్ళీ ఎగురుతానని మంచం మీద నుంచే తంతి పంపింది. ఉన్న ఒక్క విమానం పోయింది, అప్పు మిగిలింది.

మళ్ళీ నిలదొక్కుకోవడానికి రెండేళ్ళు పట్టింది. 1925 జూన్ 19న, టెక్సాస్‌లో బానిసల విముక్తిని పండుగ చేసుకునే రోజున, హ్యూస్టన్‌లో ఎగిరింది. ఆ యాత్రలోనే తాను పెరిగిన వాక్సహాచీలో ప్రదర్శన ఏర్పాటైంది. నిర్వాహకులు నల్లవాళ్ళకు ఒక ద్వారం, తెల్లవాళ్ళకు ఒక ద్వారం పెట్టారు. ఒకే ద్వారం లేకపోతే విమానం ఎక్కనని బెస్సీ తేల్చిచెప్పింది. చివరికి ద్వారం ఒకటైంది, లోపల కూర్చునే చోట్లు మాత్రం వేరుగానే ఉండిపోయాయి. సగమే గెలిచిందని అనిపించవచ్చు. ఆ ఊళ్ళో, ఆ కాలంలో, ఆ ద్వారంలోంచి నడిచి వెళ్ళిన తల్లిదండ్రులకు అది సగంలా ఉండి ఉంటుందా అని నాకు సందేహం.

ఈలోగా డాలస్‌లో ఇంకో పాత జెన్నీ చూసి వాయిదాల మీద బేరం కుదుర్చుకుంది. వాయిదాలు కట్టడానికి ఊరూరా ఉపన్యాసాలు, తన సినిమా రీళ్ళ ప్రదర్శనలు. ఫ్లోరిడాలోని ఒర్లాండోలో ఒక పాస్టరు దంపతుల ఇంట్లో ఉంటూ బ్యూటీ పార్లరు కూడా తెరిచింది. ఆఖరి వాయిదాకు ఎడ్విన్ బీమన్ అనే చూయింగ్ గమ్ వ్యాపార కుటుంబీకుడు సాయపడ్డాడు. 1926 ఏప్రిల్‌లో విలియం విల్స్ అనే ఇరవైనాలుగేళ్ళ తెల్లజాతి మెకానిక్ ఆ విమానాన్ని డాలస్ నుంచి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు నడుపుకుంటూ తెచ్చాడు. దారిలో మూడుసార్లు ఎక్కడపడితే అక్కడ దించాల్సి వచ్చింది. చూసినవాళ్ళు ఈ విమానం వద్దన్నారు. ఆమెకు ఇంకో విమానం లేదు.

ఏప్రిల్ 30 ఉదయం విల్స్ నడుపుతుండగా బెస్సీ రెండో సీట్లో కూర్చుంది. మర్నాడు పారాచూట్‌తో దూకాలి, ఎక్కడ దిగాలో పైనుంచి చూసుకోవాలి. పొట్టి మనిషి కావడంతో అంచు మీదుగా కిందికి వంగి చూడటానికి బెల్టు పెట్టుకోలేదు. పది నిమిషాలు గడిచాయో లేదో విమానం ముక్కు కిందికి పెట్టి దూసుకెళ్ళి గింగిరాలు తిరిగింది. బెస్సీ బయటికి విసిరివేయబడి ప్రాణం విడిచింది. విమానంతోపాటే విల్స్ కూలిపోయాడు. గుమిగూడిన వారిలో ఒకరు సిగరెట్టు వెలిగించడంతో పెట్రోలు ఆవిరి అంటుకుని శిథిలాలు కూడా కాలిపోయాయి. తర్వాత వెతికితే నడిపే సాధనాల మధ్య ఇరుక్కుపోయిన ఒక పానా కనిపించింది. ఎవరో బిగించి, మరిచిపోయి వదిలేసిన పానా. అప్పటికి ఆమెకు ముప్పైనాలుగేళ్ళు. తెల్లవాళ్ళ పత్రికలు విల్స్ గురించే ఎక్కువ రాశాయి.

అప్పటిదాకా అమెరికాలో విమానానికి తనిఖీ లేదు, నడిపేవాడికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. పాత సైనిక విమానం ఎవరైనా కొనొచ్చు, ఎవరైనా ఎగరొచ్చు. పైలట్లకు లైసెన్సు, విమానాలకు తనిఖీ ఉండాలన్న చట్టం మీద అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం చేసింది 1926 మే 20న, అంటే ఆమె పోయిన మూడు వారాలకు. కొత్త నిబంధనలకు తట్టుకోలేక కొన్నేళ్ళలో జెన్నీలు మూలపడ్డాయి. ఇవాళ అక్కడ ఎల్-39 లాంటి పాత సైనిక జెట్లను కూడా డబ్బున్నవాళ్ళు సొంతానికి కొనుక్కుని నడుపుతున్నారు, కానీ ప్రభుత్వ ధ్రువపత్రం, తనిఖీ లేకుండా గాల్లోకి లేవడానికి లేదు. వాళ్ళకు అది సరదా. బెస్సీకి పాత విమానం సరదా కాదు, ఆమె స్తోమతకు అందింది అదొక్కటే.

జాక్సన్‌విల్‌లో, ఒర్లాండోలో ప్రార్థనలు జరిగాక శవపేటికను రైల్లో చికాగో తెచ్చారు. సుమారు పదివేల మంది కడసారి చూడటానికి వచ్చారు. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన ఐడా బి. వెల్స్ ఆ సభను నడిపించింది. లింకన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆమె కోరిన పాఠశాల ఆమె చేతుల మీదుగా రాలేదు. 1929లో విలియం పావెల్ అనే నల్లజాతి ఇంజనీరు లాస్ ఏంజిల్స్‌లో బెస్సీ కోల్మన్ పేరుతో ఏరో క్లబ్బు పెట్టి నల్లజాతి యువతీయువకులకు విమానం నేర్పించాడు. 1992లో రోదసిలోకి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ మే జెమిసన్ ఎండీవర్ నౌకలో బెస్సీ ఫోటోను వెంట తీసుకెళ్ళింది. చికాగోలో మాత్రం 1931లో నల్లజాతి పైలట్లు ఒక ఆచారం మొదలుపెట్టారు. ఏటా లింకన్ శ్మశానవాటిక మీదుగా తక్కువ ఎత్తులో ఎగురుతూ ఆమె సమాధి మీద పూలు జారవిడిచేవారు.